ఐదారుగురు మాయమైపోయినా చలించలేదు, బొమ్మ పోతే ఏడ్చాను. సిరీస్‌లో మనల్ని పట్టేసేది ఏంటి? (స్పాయిలర్లు ఉన్నాయి)

అర్ధరాత్రి_ఎపిసోడ్

కర్చీఫ్ పక్కన పెట్టుకుని చూడు అని అందరూ ఊదరగొడితే ‘ఏంజెల్ బీట్స్’ అనే జపాన్ యానిమే (యానిమేషన్ సిరీస్) చూశాను. 2010 నాటిది, 13 ఎపిసోడ్లు. ఒక్కో పాత్రకీ ఒక విషాద గతం, దాన్ని ఐదు నిమిషాల్లో చెప్పేయడం, వెనక మ్యూజిక్, ఆ తర్వాత పాత్ర మాయం. నాకు కన్ను చెమర్చలేదు సరికదా, తర్వాత ఎవరి వంతా అని లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను.

అది అయ్యాక ‘క్లానడ్ ఆఫ్టర్ స్టోరీ’. పద్దెనిమిదో ఎపిసోడ్‌లో ఐదేళ్ల ఉషియో పూల మైదానంలో బొమ్మ రోబో పారేసుకుంటుంది. పోనీలే, ఇంకోటి కొంటానంటాడు తండ్రి. పిల్ల ఒప్పుకోదు, వెతుకుతూనే ఉంటుంది. ఎందుకంటే నాన్న తన కోసం ఎంచి కొన్న వస్తువు అదొక్కటే. అంతే విషయం. ఆ సీన్‌లో ఎవరూ చావరు, ఎవరూ విడిపోరు. నేను వీడియో ఆపేసి లేచి మొహం కడుక్కొచ్చుకోవాల్సి వచ్చింది.

‘ఏంజెల్ బీట్స్’ రాసింది జున్ మయెడా. ‘క్లానడ్’ మూలమైన గేమ్‌కి కూడా ముఖ్య రచయిత ఆయనే. ఒకే చేయి. మరి ఒకటి గుండెను పట్టుకుంటే రెండోది ఎందుకు జారిపోయింది? "ఎమోషన్ బాగా పండింది" లాంటి జవాబులు వద్దు దయచేసి. ఏం చేస్తే పండుతుందో చెప్పండి.

గోడమీద_పిల్లి

టైమ్ బ్రో, టైమ్. ఉషియో పుట్టకముందు నుంచీ ఆ ఇంటి సంగతులన్నీ మనకి తెలుసు. తల్లి నగిసా ఈ పిల్లని కని పోయింది. తండ్రి ఐదేళ్లు కూతుర్ని అత్తమామల దగ్గర వదిలేసి మొహం చాటేశాడు. ఇదంతా తెలిసిన మనకి ఆ రోబో బొమ్మలా కనిపిస్తుందా? 13 ఎపిసోడ్లలో అంతమందిని కుక్కితే ఆ టైమ్ ఎక్కడ దొరుకుతుంది.

రిమోట్_నాదే

టైమ్ ఒక్కటే సరిపోతే వెయ్యి ఎపిసోడ్ల డైలీ సీరియల్స్ చూసేవాళ్లు ఈపాటికి కన్నీళ్లలో కొట్టుకుపోవాలి. అక్కడ జరిగేదేంటి? ఒక మాట అంటారు. ముగ్గురి మొహాలు మూడేసి సార్లు చూపిస్తారు. ఉరుము. రేపటికి వాయిదా.

వానవెలిసాక

టైమ్ అన్న మాటకి నేనూ ఒప్పుకోను. ‘వయొలెట్ ఎవర్‌గార్డెన్’ (2018) పదో ఎపిసోడ్ తీసుకోండి. యాన్ అనే చిన్నపిల్ల, జబ్బు చేసిన తల్లి. అంతకుముందు ఎపిసోడ్లలో ఈ ఇద్దరూ లేనే లేరు. పరిచయం, బంధం, ముగింపు అన్నీ పాతిక నిమిషాల లోపే. అయినా అది చూసి ఏడవనివాళ్లు నాకు తారసపడలేదు.

అక్కడ ఏం చేశారో చూడండి. ఉత్తరాలు రాసిపెట్టే వయొలెట్ ఆ ఇంటికొచ్చి, తల్లితో గదిలో కూర్చుని రోజుల తరబడి రాస్తుంటుంది. పిల్లకి ఒళ్లు మంట. అమ్మకి మిగిలిన కాస్త ఓపికా ఈవిడకే ఖర్చవుతోంది, నా దగ్గర కూర్చోవడం లేదని. ఆ ఉత్తరాలు ఎవరికో యాన్‌కి తెలీదు. తల్లి పోయాక ప్రతి పుట్టినరోజుకీ ఒకటి చొప్పున ఆమెకే వస్తాయి, యాభై ఏళ్ల పాటు. ఏ ఉత్తరాల మీద పిల్ల అలిగి గొడవ చేసిందో అవే ఇవి. దెబ్బ పడేది అక్కడ.

ఇంకో సంగతి. ఆ ఇంట్లో ఉన్నన్నాళ్లూ వయొలెట్ మొహంలో ఏమీ కనిపించదు. ఆఫీసుకి తిరిగొచ్చాకే ఏడుస్తుంది, అక్కడ ఉన్నంతసేపూ ఆపుకున్నానని చెప్పి. అప్పటిదాకా మనమూ ఆపుకునే ఉంటాం.

గోడమీద_పిల్లి

నేను ఏడవలేదు. ఇప్పుడు ఒకరు తారసపడ్డారు కదా.

వానవెలిసాక

@గోడమీద_పిల్లి మీ హ్యాండిల్ చూసినప్పుడే అనుకున్నాను లెండి, ఇటూ దూకరు, అటూ దూకరు.

కత్తెర_పని

ఎడిటింగ్‌లో ఉన్నవాణ్ణి, నా గోల కూడా వినండి. ఏడుపు సీన్ టేబుల్ మీదికి రాగానే మ్యూజిక్ ఎక్కడ ఎత్తుకుందాం అంటారు చాలామంది. నేను అడిగేది వేరు: మాట అయిపోయాక షాట్ ఇంకా ఎంతసేపు ఉంచనిస్తారు?

‘బఫీ ద వాంపైర్ స్లేయర్’లో ‘ద బాడీ’ అని 2001లో వచ్చిన ఎపిసోడ్ ఉంది, రచన, దర్శకత్వం జాస్ వీడన్. రక్తపిశాచుల్ని చంపే అమ్మాయి కథ అది. వారం వారం ఏదో ఒక భూతాన్ని మట్టికరిపించే ఆ అమ్మాయి ఇంటికొచ్చేసరికి తల్లి సోఫాలో చనిపోయి ఉంటుంది. ఏ పిశాచీ చంపలేదు, మెదడులో రక్తనాళం చిట్లింది. కొట్టడానికి శత్రువు లేడు.

ఎపిసోడ్ మొత్తంలో నేపథ్య సంగీతం లేదు. ఏ క్షణంలో ఏడవాలో మనకి చెప్పే దిక్కు లేదు. తల్లి గౌను పైకి జరిగి ఉంటే కూతురు కిందికి లాగి సర్దుతుంది. వాంతి చేసుకుని, ఆ తడి మీద పేపర్ టవల్ పరిచి, అది నానడం చూస్తూ ఉండిపోతుంది. కెమెరా కూడా చూస్తూ ఉంటుంది. మామూలుగా అయితే ఈ ముక్కలన్నీ నేను కోసి పారేసేవే, కథ ముందుకెళ్లదు కదా. కానీ చావు ఇంటికొచ్చిన రోజు మనిషి చేసేవి ఇలాంటి పనులే. టిష్యూ, గౌను అంచు, ఫోన్ నంబరు గుర్తు రాకపోవడం. చూసేవాడు గుర్తుపడతాడు.

వయొలెట్ మొహం సంగతికి ఒక ముక్క. రష్యాలో కులెషోవ్ అనే సినిమా దర్శకుడు చేసిన పాత ప్రయోగం ఉంది. ఒకే నటుడి మామూలు మొహం పక్కన ఒకసారి సూప్ గిన్నె, ఒకసారి శవపేటిక పెట్టి చూపిస్తే, ఆకలి ఎంత బాగా నటించాడు, దుఃఖం ఎంత బాగా నటించాడు అన్నారట జనం. మొహం ఖాళీగా వదిలితే నింపుకునేది మనమే.

రాగమాలిక

సంగీతం మీద అందరూ పడకండి. ‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’ రెడ్ వెడ్డింగ్ ఎపిసోడ్ (2013) గుర్తు తెచ్చుకోండి. పెళ్లి విందు జరుగుతుంటే తలుపులు మూస్తారు, వాద్యగాళ్లు ఒక పాట ఎత్తుకుంటారు. అది తమ శత్రువులైన లానిస్టర్ల పాట అని, విందుకొచ్చిన కేట్లిన్ పోల్చుకుంటుంది. ఇంకా ఒక్క కత్తి కూడా బయటికి రాలేదు, అప్పటికే నాకు చేతులు చల్లబడ్డాయి. ఆ పాట తీసేస్తే ఆ సీన్ లేదు. చివర్లో పేర్లు పడేటప్పుడు మాత్రం చప్పుడు లేకుండా వదిలేశారు. సంగీతం వాడటం తెలిసినవాళ్లకే తీసేయడమూ తెలుస్తుంది.

కత్తెర_పని

అది సంగీతం కాదండీ, కథలో పాత్ర. దాన్ని నేనూ ముట్టుకోను.

పాత_టీవీ

పైన రిమోట్ గారు డైలీ సీరియల్‌ని నవ్వులాట చేసేశారు. జపాన్ ‘ఓషిన్’ (1983–84) డైలీ సీరియలే. రోజుకి పదిహేను నిమిషాలు, 297 భాగాలు. ఏడేళ్ల పిల్లని బియ్యం కోసం పనికి పంపేస్తారు. తెప్ప ఎక్కించి మంచులో నది మీద పంపుతుంటే, వెళ్లి తీరాలని పట్టుబట్టిన తండ్రే గట్టు మీద ఏడుస్తాడు. ఎన్నో దేశాల్లో చూశారు దాన్ని. ఉరుములు, మెరుపులు ఏమీ అక్కర్లేకపోయింది.

ఇంకోటి, డైలీ సీరియల్ పట్టు వేరు. అది రోజూ అదే వేళకి ఇంటికొస్తుంది. తెర మీద మనుషులతో చూసేవాళ్లకి ఒకవైపు స్నేహం ఏర్పడుతుందని హోర్టన్, వోల్ అనే ఇద్దరు పరిశోధకులు 1956లోనే రాశారు. మా అమ్మమ్మ చూసే సీరియల్‌లో పెద్దకొడుకు వేషం వేసే నటుణ్ణి మార్చేశారు ఒకసారి. ఇంట్లోంచి నిజంగా ఎవరో వెళ్లిపోయినట్టు బెంగపెట్టుకుంది. కొత్తతన్ని చివరిదాకా "ఆ వచ్చినోడు" అనే అనేది, పేరు పెట్టి పిలవలేదు.

రిమోట్_నాదే

"ఆ వచ్చినోడు" హహహ. అమ్మమ్మగారికి నా నమస్కారం. కానీ ఆవిడది అలవాటండీ, కథ గొప్పదనం కాదు.

పాత_టీవీ

అలవాటు లేకుండా బెంగ ఎక్కడి నుంచి వస్తుందండీ?

ఉక్కుగుండె

హ్యూస్.

ఇంకేం రాయాలి నేను.

అర్ధరాత్రి_ఎపిసోడ్

@ఉక్కుగుండె అందరికీ తెలీదు కదా, రాయండి.

ఉక్కుగుండె

‘ఫుల్‌మెటల్ ఆల్కెమిస్ట్: బ్రదర్‌హుడ్’ (2009). మేజ్ హ్యూస్ అనే మిలిటరీ ఆఫీసర్. దొరికిన ప్రతివాడికీ కూతురి ఫొటోలు చూపించి విసిగిస్తుంటాడు. ఆఫీస్ ఫోన్‌లో కూడా కూతురి కబుర్లే. మొదట అది ఉత్త కామెడీ. పదో ఎపిసోడ్‌లో ఫోన్ బూత్ దగ్గర అతన్ని చంపడానికి వచ్చినవాడు అతని భార్య రూపంలోకి మారతాడు. ఆమె కాదని హ్యూస్‌కి తెలుసు. తెలిసీ చెయ్యి ఆడదు.

ఖననం రోజు ఆ చిన్నది అడుగుతుంది, నాన్నని ఎందుకు పూడ్చేస్తున్నారు, నాన్నకి బోలెడు పని ఉంది కదా అని. అన్నాళ్లూ మనం నవ్విన ఫొటోలోని పిల్ల ఆ పిల్లే. పక్కన స్నేహితుడు మస్టాంగ్, మబ్బు లేని ఆకాశం కింద నిలబడి వాన పడుతోందంటాడు. నా హ్యాండిల్ మార్చుకోవాలేమో ఇక.

నవ్వించినవాణ్ణి చంపితే పడే దెబ్బ వేరు. మొదటి నుంచీ దిగాలుగా తిరిగేవాడు పోతే, పోతాడని ముందే తెలుసు కదా అనిపిస్తుంది.

గోడమీద_పిల్లి

థాంక్స్ అన్నా, నా పాయింటే చెప్పారు. 2003 వెర్షన్‌లో హ్యూస్ చావు 25వ ఎపిసోడ్‌లో వస్తుంది, బ్రదర్‌హుడ్‌లో పదిలో. అదే మనిషి, అదే ఫోన్ బూత్. 2003లో ఎక్కువ కోసింది నన్ను. ఎందుకు? టైమ్.

ఉక్కుగుండె

నేను బ్రదర్‌హుడ్ ఒక్కటే చూశాను, పదో ఎపిసోడ్‌కే పోయాను. ఇరవై అయిదు దాకా ఉంచి ఉంటే ఆస్పత్రిలో చేర్పించాల్సి వచ్చేది.

నలుపు_తెలుపు

ఒక పుల్ల వేస్తాను. ‘క్లానడ్’ చివర్లో ఏం చేశారు? పోయిన నగిసాని బతికించేశారు. ఆ తర్వాత పోయిన ఉషియోనీ తెచ్చేశారు. అంత ఏడిపించి, చివర్లో అబ్బే ఏం కాలేదు అంటే నేను కార్చిన కన్నీళ్లకి విలువేంటి? పోయినవాళ్లు పోయినట్టే ఉండాలి. తిరిగొస్తారని ఒకసారి తెలిశాక ఆ తర్వాత ఎవరు పోయినా భయం ఉండదు. మంచి పాత్రని చంపడానికి కాదు, చంపి ఊరుకోవడానికి ధైర్యం కావాలి రచయితకి.

వానవెలిసాక

మనుషుల సంతోషంలోంచి పుట్టి, కోరిక తీర్చే ఆ వెలుగు గోళాల సంగతి మొదటి నుంచీ చెబుతూనే వచ్చారు కదా. గాల్లోంచి ఊడిపడలేదు.

నలుపు_తెలుపు

ముందే చెప్పి మోసం చేస్తే మోసం కాదా?

అర్ధరాత్రి_ఎపిసోడ్

@నలుపు_తెలుపు ముగింపు నాకూ రుచించలేదు. కానీ పూల మైదానం సీన్ దానివల్ల పాడవలేదు నాకు. ఆ సీన్ ఆ తండ్రీకూతుళ్లది. పిల్ల నాన్న దగ్గరికి ఏడవడానికి వస్తుంది చూడండి, ఏడవాలంటే రెండే చోట్లు, ఒకటి బాత్రూమ్, రెండు నాన్న చేతులు అని అమ్మమ్మ చెప్పిందట. ఐదేళ్లూ రెండో చోటు లేదు ఆ పిల్లకి. తర్వాత ఎవరు బతికొచ్చినా ఆ ఐదేళ్లు మాయమవవు.

తెల్లకాగితం

నాట్యశాస్త్రంలో ఉన్నదే ఇదంతా. శోకం స్థాయిభావం, అంటే అడుగున నిలిచి ఉండే భావం, సరే. కానీ శోకాన్ని తిన్నగా తెచ్చి చేతిలో పెడితే రసం పుట్టదు. దాని చుట్టూ వచ్చిపోయే భావాలు ఉండాలి. భరతుడు వాటిని 33గా లెక్కపెట్టాడు. అసూయ, సిగ్గు, చింత, గర్వం, ఉత్సుకత, ఇలా. యాన్‌నే చూడండి. ఆ పిల్లకి వయొలెట్ మీద అసూయ ఉంది, అమ్మ మీద అలక ఉంది, ఆ ఉత్తరాల్లో ఏముందోనన్న కుతూహలం ఉంది. శోకం వీటన్నిటి కిందుగా నడుస్తోంది. ఈ ప్రశ్న వేసినవారికి ‘ఏంజెల్ బీట్స్’ ఎందుకు ఎక్కలేదంటే అక్కడ పాత్రకి గతం చెప్పే ఐదు నిమిషాల్లోనూ శోకం ఒక్కటే ఉంది, ఇంకేమీ లేదు.

రిమోట్_నాదే

మాస్టారూ, ఇది పరీక్షలో వస్తుందా?

తెల్లకాగితం

వస్తుంది. 33 పేర్లూ రాయాలి, ఛాయిస్ లేదు.

కత్తెర_పని

జోకులు పక్కన పెడితే ఆయన చెప్పింది నాకు రోజూ ఎదురయ్యేదే. ఏడుపు మీద ఏడుపు పేరిస్తే ఏదీ అంటదు. మధ్యలో ఎవరో చిరాకు పడాలి, ఎవరో అనవసరమైన మాట ఒకటి అనాలి.

మౌనవ్రతం

‘బ్రేకింగ్ బ్యాడ్’ గురించి ఎవరూ ఎత్తరేం? 2013లో వచ్చిన ‘ఒజిమాండియస్’ ఎపిసోడ్, ఫోన్ కాల్.

దొంగచాటుగా మత్తుమందు తయారుచేసే వాల్ట్, భార్యకి ఫోన్ చేసి నోటికొచ్చినట్టు తిడతాడు. నువ్వు ఎందుకూ పనికిరావు, నా మాట వినలేదు, ఇదంతా నేనొక్కణ్ణే కట్టాను అని. పక్కన పోలీసులు వింటున్నారని అతనికి తెలుసు. ఆ తిట్లు వాళ్ల కోసం. భార్యకి ఏ పాపమూ తెలీదని వాళ్లు నమ్మాలని. గొంతులో విషం, కళ్లలో నీళ్లు. ఆమెకి కూడా మెల్లగా అర్థమవుతుంది, కానీ అర్థమైనట్టు కనిపించకూడదు. అదే సమయంలో ఆ తిట్లన్నీ అబద్ధం కూడా కాదు, కొన్ని అతని కడుపులోంచి వచ్చినవే. ఎన్నిసార్లు చూసినా ఎంత నటన, ఎంత నిజం అన్నది నాకు తేలదు.

నాకనిపించేది ఒకటే. పాత్రకి చెప్పాల్సింది ఉండాలి, చెప్పే దారి ఉండకూడదు, ఆ రెండూ మనకి తెలియాలి. హ్యూస్ స్నేహితుడు వాన అన్నాడు. ఉషియో బొమ్మ అంది. యాన్ తల్లి యాభై ఏళ్లకి సరిపడా రాసింది కానీ పక్కనే ఉన్న పిల్లకి చెప్పలేకపోయింది. నేరుగా చెప్పేసిన చోట నేను చూస్తూ ఊరుకుంటాను. చెప్పలేక ఇంకేదో అన్న చోట వాళ్ల బదులు నేను చెప్పుకోవాలి లోపల. ‘ఏంజెల్ బీట్స్’లో అందరూ తమ బాధని పూర్తిగా, వివరంగా, వరసగా చెప్పేశారు. మనకి మిగిల్చిన పనేంటి?

గోడమీద_పిల్లి

చెప్పేసినవి కూడా పనిచేస్తాయి కదా మరి. ‘అనొహానా’ (2011) చివర్లో అందరూ గొంతు చించుకుని అరుస్తూ ఏడుస్తారు. మా హాస్టల్ గది మొత్తం ఏడ్చింది.

మౌనవ్రతం

పది ఎపిసోడ్లు ఒకరితో ఒకరు సరిగ్గా మాట్లాడుకోకుండా తిరిగాక అరిచారు. మొదటి ఎపిసోడ్‌లోనే అరిచి ఉంటే మీ హాస్టల్లో లైట్ ఆపి పడుకునేవాళ్లు.

చిన్నమ్మడు

ఏడుపు గోలే ఎందుకు అందరికీ, పట్టేయడం అంటే చావులేనా? ‘మై మిస్టర్’ (2018, కొరియన్, 16 ఎపిసోడ్లు) చూడండి. జియాన్ అనే అమ్మాయి ఆఫీసులో పైవాణ్ణి దెబ్బతీయడానికి అతని ఫోన్‌లో రహస్యంగా వింటుంటుంది. వినీ వినీ అతని నడక చప్పుడు, నిట్టూర్పు, ఒంటరిగా తిరిగే వేళలు అన్నీ ఆమెకి తెలిసిపోతాయి. అతనికి ఈ సంగతే తెలీదు. మామూలు ప్రేమకథలా నడపరు, కౌగిలింతలకి పరుగులు లేవు. ఒక మనిషిని ఇంకో మనిషి పూర్తిగా విన్నాడు, అంతే కథ. నాకు మాత్రం టెన్షన్ అంతా, ఆమె వింటోందని అతనికి తెలిసిన రోజు ఏమవుతుందా అనే.

రాగమాలిక

+1. అందులో అన్నదమ్ముల గొడవలే నాకు ఎక్కువ ఇష్టం.

నీలిగడప

ఇంత మాట్లాడుతున్నారు కానీ చూసేవాళ్ల సంగతి ఎవరూ అనడం లేదు. మా నాన్న పోయిన కొత్తలో ‘ద బాడీ’ చూశాను, దాని గురించి ఏమీ తెలీకుండా. పైన కత్తెర గారు చెప్పిన గౌను సర్దే చోట ఆపేశాను. మళ్లీ పెట్టలేదు. గొప్పగా తీశారు కాబట్టే ఆపేశాను. అదే ఎపిసోడ్ మా చెల్లి పూర్తిగా చూసి, చాలా తేలికపడ్డాను అంది. ఒకే ఇల్లు, ఒకే చావు.

అందుకే "ఇది చూస్తే ఏడుస్తావు" అని ఎవరైనా గ్యారంటీ ఇస్తే నాకు చిరాకు.

కత్తెర_పని

@నీలిగడప ముందే హెచ్చరిక పెట్టి రాయాల్సింది అలాంటి ఎపిసోడ్ల గురించి. పైన టైటిల్లో స్పాయిలర్ అని ఉంది, విషయం ఏంటో లేదు.

నీలిగడప

పర్లేదండీ. చదవగలుగుతున్నాను ఇప్పుడు.

రిమోట్_నాదే

స్పాయిలర్లు అంటే గుర్తొచ్చింది. ఈ చర్చ చదివాక ఇందులో ఏ సిరీసూ చూడటానికి మిగల్లేదు నాకు.

తెల్లకాగితం

అభిమన్యుడు పద్మవ్యూహంలోంచి బయటికి రాడని తెలీనివాళ్లు ఎవరు? అయినా ఆ ఘట్టం చూడరా? లెవిట్, క్రిస్టెన్‌ఫెల్డ్ అనే ఇద్దరు 2011లో కథలు చదివించి పరీక్షించారు. ముగింపు ముందే తెలిసినవాళ్లకి కథ ఇంకా బాగా నచ్చింది. తర్వాత వేరేవాళ్లు చేసినవాటిలో ఫలితం అటూ ఇటూగా వచ్చిందనుకోండి. చూడటం మానేయకండి మరి.

అర్ధరాత్రి_ఎపిసోడ్

మౌనవ్రతం గారి మాట నా బుర్రకి ఎక్కింది. సగం ఒప్పుకుంటాను. మిగతా సగానికి నా దగ్గర ఒక ప్రశ్న. ‘స్టైన్స్;గేట్’ మొదలుపెట్టి నాలుగో ఎపిసోడ్ దగ్గర వదిలేశాను. అందులోవాళ్లు ఏదీ దాచుకోరు, వాగుతూనే ఉంటారు. అది కూడా పట్టేస్తుందంటారేంటి అందరూ?

ఉక్కుగుండె

వదలకండి! పన్నెండో ఎపిసోడ్ దాకా ఆగండి.

నలుపు_తెలుపు

24 ఎపిసోడ్ల సిరీస్‌లో సగం దాకా ఓపిక పట్టాలంటే అది చూసేవాడి తప్పు కాదు, తీసినవాడి తప్పు.

మౌనవ్రతం

కాదు. ఆ సగం లేకపోతే రెండో సగం లేదు. మొదటి సగంలో హీరో ఒకాబే గతానికి మెసేజ్‌లు పంపి స్నేహితుల కోరికలు ఒక్కొక్కటీ తీరుస్తాడు. ఒకమ్మాయికి చనిపోయిన తండ్రి తిరిగొస్తాడు. అంతా సరదా. పన్నెండులో అతని చిన్ననాటి స్నేహితురాలు మయూరి చనిపోతుంది. ఎన్నిసార్లు వెనక్కి వెళ్లినా ఏదో రకంగా చనిపోతూనే ఉంటుంది. ఆమె బతకాలంటే ఇచ్చిన కోరికలన్నీ ఒక్కొక్కటిగా వెనక్కి తీసుకోవాలి. ఆ తండ్రిని మళ్లీ పోనివ్వాలి, అదీ కూతురు ఒప్పుకుంటేనే. ఇదంతా పూర్తిగా గుర్తుండేది ఒకాబే ఒక్కడికే. మొదటి సగంలో మనం నవ్వుతూ చేసిన అప్పు అది, రెండో సగం అంతా వడ్డీతో తీర్చడమే.

నలుపు_తెలుపు, మీకు నచ్చాలి ఇది. ఇక్కడ పోయినవాణ్ణి తెచ్చి, మళ్లీ పంపిస్తారు.

నలుపు_తెలుపు

చివర్లో అందరూ బతికేస్తారా లేదా, ముందు అది చెప్పండి. అప్పుడు చూస్తాను.

మౌనవ్రతం

చెప్పను.

రిమోట్_నాదే

వంద స్పాయిలర్లు ఇచ్చేసి ఇప్పుడొచ్చిందా పట్టింపు!